నడినెత్తి మీది గాటు

ఎర్రబండ మఠంలో చిదంబరస్వామిని ప్రశ్న అడగాలంటే శిష్యులు జంకేవారు. ఆయన కోప్పడతాడని కాదు. జవాబు చెప్పడు, అడిగినవాడికి ఏదో ఒక సేవ చేసిపెడతాడు. కోపాన్ని జయించేదెట్లా అని ఒకాయన అడిగితే, అడిగినాయన తెగిన చెప్పులు స్వామి తానే తెచ్చుకుని అరుగు మీద కూర్చుని కుట్టిచ్చాడట. గురువు చేత చెప్పులు కుట్టించుకున్న పాపం ఎట్లా పోతుందా అని ఆ శిష్యుడికి చాన్నాళ్ళు అన్నం సయించలేదు. ఆ దిగుల్లో ఎవరి మీదా కోప్పడే తీరిక కూడా దొరకలేదు. అప్పటినుంచీ ఎవరి సందేహాలు వాళ్ళు కడుపులోనే దాచుకుంటూ వచ్చారు.

ఓబులేసు మాత్రం ఆగలేకపోయాడు. వైశాఖమాసం, మాడు పగిలే ఎండ. భిక్షకు పక్క ఊరికి బయల్దేరుతూ చిదంబరస్వామి తడి తువ్వాలు ఒకటి తన గుండు మీద వేసుకుని, ఇంకొకటి ఓబులేసు ముందుకు చాచాడు. ఓబులేసు చెయ్యి చాచలేదు.

"ఈ దేహం మీది కాదు, మీది కాదు అని దినమూ చెప్తారు గదా సామీ. ఈ తల నాది కానే కానప్పుడు నేనెందుకు కప్పాల? మీరు మాత్రం ఎందుకు కప్పుతారు?"

వెనకున్నవాళ్ళు గతుక్కుమన్నారు. చిదంబరస్వామి చాచిన తువ్వాలు మెల్లగా తన భుజాన వేసుకున్నాడు.

"పున్నమి రానీ నాయనా. ఈసారి నీ గుండు నేను గీస్తా," అన్నాడు.

ఓబులేసు అడిగింది వైరాగ్యంతో అనుకునేరు, అదేం కాదు. మఠానికి రాకముందు అతను కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్. ముప్పై నిండకముందే నడినెత్తి జుట్టంతా ఊడింది. ఊళ్ళో కుర్రాళ్ళు 'బల్బు' అని పేరు పెట్టారు. "కరెంటు పోతే పోనీలేప్పా, బల్బు వస్తా ఉంది" అని అతని ముఖం మీదే నవ్వేవారు. ఒక పెళ్ళి సంబంధం ఆ తలను చూసే వెనక్కి పోయింది. ఆఫీసువాళ్ళు ఇచ్చిన హెల్మెట్ పెట్టుకుంటే 'దాచుకుంటున్నాడు' అన్నారు. ఆ మాటతో అతనికి పంతం పట్టుకుంది. హెల్మెట్ సైకిల్ హ్యాండిల్‌కి తగిలించి, ఎంత ఎండలోనైనా వట్టి నెత్తితోనే స్తంభం ఎక్కడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి అట్లాగే ఎక్కాడు.

ఆ మనిషికి మఠం స్వర్గంలా కనిపించింది. ఇక్కడ అందరూ బోడిగుండ్లే, ఎవరు ఎవర్ని ఎగతాళి చేస్తారు! వచ్చిన రోజు సంతోషం పట్టలేక గోడచాటున ఏడ్చాడు కూడా. ఇప్పుడు మళ్ళీ తల కప్పుకోమంటే, ఆ కుర్రాళ్ళ నవ్వు చెవిలో వినిపించింది. ఆ మంటకి అతను వైరాగ్యమని పేరు పెట్టుకున్నాడు. మన మొండితనానికి మంచి పేరు పెట్టుకోవడంలో మనలో ఎవరు తక్కువ తిన్నారు గనక!

అదిగాక, అతను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. కొన్నాళ్ళుగా పొద్దున లేచేసరికి తలకింద పెట్టుకున్న బట్ట మీద చిన్న రక్తపు మరక కనిపిస్తోంది. నడినెత్తిన వేలు పెడితే తడి తగులుతోంది. 'పోయిన పున్నమికి గీసిన సుంకన్న కత్తి మొద్దుబారినట్టుంది, గాటు పెట్టినాడు' అనుకుని ఆ బట్ట ఉతుక్కునేవాడు.

ఎర్రబండ మఠంలో గుండ్లు గీసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ప్రతి పున్నమికీ బావిగట్టున వరసగా కూర్చుని ఒకరి తల ఒకరు గీయాలి. ఈ పున్నమికి గీసినవాడే వచ్చే పున్నమికి గీయకూడదు, చెయ్యి మారాలి. ఫలానా వాడి చెయ్యి మెత్తన, నాకు అతనే కావాలనే ముచ్చట సన్యాసికి ఉండకూడదని ఎప్పుడో పెద్దలు పెట్టిన నియమం అది. ఇంకో నియమం, కత్తి పట్టినవాడు పెదవి కదపకూడదు. గాటు పడితే పటిక అద్దాలి, అంతే. అయ్యో అనకూడదు, ఎవరు చేశారని అడగకూడదు. మంచి నియమాలే. ఎవరూ వాటికి వంక పెట్టింది లేదు.

పున్నమి వచ్చింది. గురువు చేత క్షౌరమా అని ఓబులేసు జంకినా, తప్పక తల వంచి కూర్చున్నాడు. చిదంబరస్వామి నీళ్ళు చిలకరించి, ముందునుంచి వెనక్కి కత్తి లాగుతూ వచ్చాడు. నడినెత్తి దగ్గర కత్తి ఆగింది. ఆయన వంగి చూశాడు. వేలితో చుట్టూ నొక్కి చూశాడు. తర్వాత, అక్కడున్నవాళ్ళు ఎన్నడూ విననిది విన్నారు. కత్తి చేతిలో ఉండగానే ఆయన మాట్లాడాడు.

"ఈ గాటు ఎవరిదప్పా?"

సుంకన్న బిక్కచచ్చిపోయాడు. "చైత్రంలో నాదే సామీ చెయ్యి. కానీ నేను కత్తి పెట్టకముందే ఆడ పక్కు కట్టి ఉండె. మద్దిలేటి గాటేమో అనుకుని పటిక రాసినా."

"నాది కాదు సామీ," అన్నాడు మద్దిలేటి. "ఫాల్గుణంలో నేను చూసేటప్పటికే రక్తం చెమరుస్తా ఉండె. తిప్పయ్య తాతకు చెయ్యి వణుకుతుంది గదా, ఆయనదేమో అనుకున్నా. పెద్దాయన్ని ఏమని అడుగుదునని ఊరకున్నా."

మఠంలోకెల్లా ముసలివాడు తిప్పయ్య. ఆయన దగ్గరికొచ్చి ఓబులేసు తలను చూశాడు. "చెయ్యి వణికేది నిజమే నాయనా. కానీ మాఘంలో నేను గీసిన దినం రక్తం రాలేదు. గరుగ్గా, పొలుసు లేచినట్టు ఉండె. ఎండకు పొక్కిందిలే అనుకుని వదిలేసినా."

"అంతకుముందు?"

పుష్యమాసంలో గీసినాయన కాశీకి పోయాడు. అడగడానికి మనిషి లేడు. అంతమంది చూశారు, చూసిన ప్రతివాడూ అది ఇంకొకడి గాటు అనుకున్నాడు. అది ఎవరి గాటూ కాకపోతే, మరి ఏమిటి?

చిదంబరస్వామి కత్తి కడిగి పక్కన పెట్టాడు. సగం గీసిన గుండు మీద తువ్వాలు కప్పి, "లేయ్, బస్సు పోతుంది," అన్నాడు.

పట్నంలో పెద్దాసుపత్రి డాక్టరమ్మ దీపం వేసి తలంతా పరీక్షగా చూసింది. పని చేసిన రోజుల్లో ఎంతసేపు ఎండలో ఉండేవాడివని అడిగింది. తన ఫోనుతో ఫొటో తీసి అతనికే చూపించింది. ముడతలు, నల్లమచ్చలు, అక్కడక్కడా తెల్లటి పొలుసులు, నడిమధ్యన అంచులు ఉబ్బిన పుండు.

"ఎవరిదమ్మా ఈ తల?" అన్నాడు ఓబులేసు. నిజంగానే గుర్తుపట్టలేదు పాపం. తన ముఖం ఇంకా యాభై దాటని ముఖం. ఆ నెత్తి చూస్తే తిప్పయ్య తాత వయసుది.

"మీదే స్వామీ. మన రంగువాళ్ళకి ఈ రోగం తక్కువే వస్తుంది. తక్కువంటే రాదని కాదు. జుట్టులేని నెత్తికి ఎండ నేరుగా తగులుతుంది. ఏళ్ళ తరబడి తగిలి తగిలి చర్మం ముందే ముసలిదైపోతుంది. ఇట్లా గరుగ్గా పొలుసు లేచినా, పుండు పడి మానకపోయినా వెంటనే చూపించాలి. ఇన్నాళ్ళూ మీ మఠంలో ఒక్కరూ చూడలేదా?"

తోడుగా వచ్చిన సుంకన్న తల వంచుకున్నాడు. అందరూ చూశారమ్మా అని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఉన్న రోజులు ఓబులేసుకు నరకమే. ఈ తల నాది కాదన్న మనిషి ఆసుపత్రి వరండాలో దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. చావంటే భయం వేసింది. భయపడుతున్నందుకు సిగ్గేసింది. పరీక్షలో క్యాన్సరనే తేలింది. అయితే ఇంకా లోతుకు దిగలేదని, ఎక్కడికీ పాకలేదని డాక్టరమ్మ చెప్పింది. పుండు కోసి తీసేసి, తొడ మీది చర్మం తెచ్చి అతికించారు. "ఇంకో ఏడాది పటిక రాసుకుంటూ కూర్చునుంటే ఎముక దాకా పోయేది," అంది ఆమె. ఇకమీదట ఎండలో తల కప్పకుండా తిరగవద్దని, తరచూ వచ్చి చూపించుకోమని గట్టిగా చెప్పి పంపింది.

జ్యేష్ఠ పున్నమికి ఓబులేసు మఠంలోనే ఉన్నాడు. తలకు కట్టు, కట్టు మీద తువ్వాలు. తువ్వాలు చుట్టుకుంటుంటే ఆ కుర్రాళ్ళ నవ్వు గుర్తొచ్చింది గానీ, ఇదివరకంత మండలేదు. తన గుండు గీయించుకునే పని లేకపోయినా కత్తి పట్టే వంతు మాత్రం వచ్చింది. అతని ముందు కూర్చున్నది తిప్పయ్య తాత. బావిగట్టు మీద ఎప్పటిలాగే అందరూ మౌనంగా ఉన్నారు. నియమం మార్చామని చిదంబరస్వామి ఎవరితోనూ అనలేదు, వరసలో తానూ తల వంచి కూర్చున్నాడు.

తాత చెవి పైన కత్తికి ఏదో గరుగ్గా తగిలింది. ఓబులేసు ఒంగి చూశాడు. గోరంత పొలుసు, దాని చుట్టూ ఎర్రదనం. పుట్టినప్పటినుంచీ ఉన్నదేమో, ఏమీ కాదేమో. చెప్దామనుకున్నాడు గానీ, ముసలాయన్ని ఊరికే బెదరగొట్టినట్టవుతుందేమో అనిపించింది. పోయిన నెలలో ఎవరు గీశారో వాళ్ళ గాటేమో అని కూడా అనిపించింది. అట్లా అనిపించగానే అతని రెండో చెయ్యి తన నెత్తి మీది కట్టు మీదికి పోయింది.

అతను కత్తి దించి గురువువైపు చూశాడు.

"సామీ... తిప్పయ్య తాత తల మీద ఒకటి కనబడతా ఉంది. తల నాది కాదు. నేను మాట్లాడొచ్చునా?"

చిదంబరస్వామి తల ఎత్తకుండానే అన్నాడు:

"నీది కాదు గనకనే నీకు కనబడింది. చెప్పు నాయనా."