నూకరత్నం తెల్ల పాయ

రిపోర్టు ఎంత మందంగా ఉన్నా, ముందు మనిషిని చూశాకే డాక్టర్ సలోమి గారు దాన్ని తెరిచేవారు. జన్యు విభాగంలో ఆవిడ దగ్గర శిక్షణకు చేరిన శశాంక్‌కు ఇదంతా కాలయాపనగా తోచేది. ఒకనాడు అడిగేశాడు.

"మేడమ్, జన్యువుల్లో ప్రతి అక్షరాన్నీ యంత్రం చదివేస్తోంది. ఇంకా మనం కళ్ళతో చూసి, చేత్తో తాకి తెలుసుకునేది ఏముంటుంది?"

ఆవిడ తర్వాతి వాళ్ళను పిలవమన్నారు.

అంతకుముందు రక్తం ఇచ్చి వెళ్ళిన నూకరత్నం అనకాపల్లి నుంచి మళ్ళీ వచ్చింది, చంకలో రెండేళ్ళ కూతురితో. పాపకు పుట్టుచెవుడు. పాప జన్యువులో ఒక మార్పు కనిపించిందనీ, అదే మార్పు తల్లిలోనూ ఉందనీ, తల్లి ఆరోగ్యంగానే ఉంది కనుక చెవుడికి అది కారణం కాకపోవచ్చుననీ రిపోర్టు. శశాంక్‌కూ అది సబబుగానే తోచింది. కారణం తెలియలేదని చెప్పి పంపడమే మిగిలింది. నూకరత్నానికి మాత్రం ఒకటే బెంగ.

"ఇలా పుట్టినోళ్ళలో కొందరికి పెద్దయ్యాక చూపు కూడా పోద్దంట కదండీ. మా పాపకీ పోద్దా?"

సలోమి గారు పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నిదానంగా చూశారు. ఎడమకంటి నల్లగుడ్డులో ఒక పక్క రంగు లేతగా ఉంది. ఆవిడ తల్లిని దగ్గరకు పిలిచి, "ఏమీ అనుకోకమ్మా" అంటూ నుదుటి మీది జుట్టును వేళ్ళతో విడదీశారు. నల్లరంగు కింద, కుదుళ్ళ దగ్గర, ఒక పాయ మేర వెంట్రుకలు తెల్లగా మెరిశాయి.

"ఎప్పటి నుంచి రంగేస్తున్నావు?"

నూకరత్నం తలుపు వైపు చూసింది. బయట బల్ల మీద అత్తగారు ఉంది.

"పుట్టుకతోనే ఉందండి," అంది గొంతు తగ్గించి. "ఏడో క్లాసు నుంచి మా అమ్మ రంగేసేది. మా ఆయనక్కూడా తెలీదు."

సలోమి గారు అప్పుడు రిపోర్టు తెరిచి చూశారు.

"నీ తెల్ల పాయా, పాప కంటి లేతరంగూ, చెవుడూ ఒకే మార్పు వల్ల వచ్చినవమ్మా. ఇందులో చూపు పోదు. చెవికి ఆపరేషన్ చేయిద్దాం, మాటలు నేర్పిద్దాం. నీ తప్పేమీ లేదు. మీ ఆయన్ని తీసుకురా, నేను చెబుతాను."

నూకరత్నం పాప తల మీద మొహం ఆనించింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, తలుపు తీసుకుని అత్తగారి దగ్గరకు నడిచింది.

శశాంక్ రిపోర్టు మళ్ళీ తిరగేశాడు. "తల్లికి ఏ లక్షణమూ లేదని ల్యాబ్ వాళ్ళు ఎలా రాశారు మేడమ్?"

రక్తంతో పాటు ల్యాబ్‌కు పంపిన కాగితం నకలును ఆవిడ ఫైల్లోంచి తీసి అతని ముందు పెట్టారు. తల్లికి ఏ లక్షణమూ లేదన్న మాట అందులోనే ఉంది. చేతిరాత శశాంక్‌దే.

"యంత్రం తన వంతు సరిగ్గానే చదివింది," అన్నారు సలోమి గారు.