నల్లని చేల పోటీ

ఇప్పలవాగు అడవిలో అడవిపందులు, దుప్పులు, ఎలుగులు, చెవులపిల్లులు కలిసిమెలిసి బతికేవి. అడవి మధ్యలో ఒక వాగు, వాగు పక్కన నల్లరేగడి నేల. ఆ నేలలో జంతువులు తలా ఒక చేను చేసుకుని మొక్కజొన్న పండించేవి. రాలిన ఆకులూ పేడా కుళ్లబెట్టి ఎరువుగా వేసేవి. పంట ఏమంత గొప్పగా పండేది కాదు. ఒక్కో ఏడు తిండికి సరిపోయేది, ఒక్కో ఏడు పస్తులు తప్పేవి కావు.

ఒక ఏడు అడవిపందికి అడవి అంచున కూలిపోయిన గోదాము కనబడింది. లోపల ఎవరూ పట్టించుకోని యూరియా బస్తాలు గుట్టగా పడి ఉన్నాయి. పంది ఒక బస్తాను ఈడ్చుకొచ్చి తన చేలో చల్లింది. వారం తిరిగేసరికి పైరు ఏపుగా లేచింది. ఆకు పచ్చదనం ముదిరి నల్లబడింది. ఆ ఏడు పంది ఇంట్లో కంకులు పెట్టుకోవడానికి చోటు చాల్లేదు.

నిజం చెప్పాలంటే ఆ తెల్లని యూరియా గుళికల్లో తప్పేమీ లేదు. పస్తులున్న అడవికి అవి కడుపు నింపాయి. తప్పు ఆ తర్వాత మొదలైంది.

మరుసటి ఏడు అందరూ బస్తాలు తెచ్చుకున్నారు. పొద్దున్నే గట్టు మీద నిలబడి ఎవరి చేను ఎక్కువ నల్లగా ఉందో చూడటం ఆ అడవిలో ఆచారమైపోయింది. అందరికంటే నల్లని చేను ఎవరిదైతే వాళ్లే వాగులో ముందుగా నీళ్లు తాగాలి. ఇంకేముంది, దుప్పి ఒక బస్తా వేస్తే పంది రెండు వేసింది. కంకి ఎంత లావుందో చూసేవాళ్లు లేరు. అందరి కళ్లూ ఆకు మీదే.

చెవులపిల్లి ఒక్కటే ఆ పోటీలో చేరలేదు. దానికి కూనల కడుపు నిండితే చాలు. మొక్క కింది ఆకు పసుపు తిరిగినప్పుడు మాత్రమే, నేల కాస్త ఆరాక, మొదలు దగ్గర చిటికెడు గుళికలు వేసి మట్టి కప్పేది. దాని చేను లేతపచ్చగా ఉండేది. అందుకని రోజూ దానికి చివరి నీళ్లే దక్కేవి.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. చేలల్లో నీళ్లు నిలిచాయి. వేళ్లకు ఊపిరాడక మొక్కలు పసుపు తిరిగాయి. పోటీలో వెనకబడిపోతానని పంది కంగారుపడింది. నీళ్లు బయటికి తీయాల్సింది పోయి, ఆ నీళ్లలోనే ఇంకో రెండు బస్తాలు గుమ్మరించింది. దాన్ని చూసి మిగతావన్నీ అదే పని చేశాయి.

వాగు ఒడ్డున ఉండే ముసలి తాబేలు ఇదంతా చూసి గట్టు దగ్గరికి వచ్చింది.

"నాయనా, మొక్క తినగలిగినంతే తింటుంది. మిగిలింది ఎక్కడికి పోతుందనుకున్నావు?" అని పందిని అడిగింది.

"నేలలోనే ఉంటుంది తాతా. వచ్చే పంటకు పనికొస్తుంది."

"ఉండదు. కొంత వాగులో కలుస్తుంది. ఇంకొంత ఈ తడి మట్టిలో కంటికి కనబడని జీవులు తింటాయి. తిని ఒక గాలి వదులుతాయి. ఆ గాలి పైకి పోయి, కుండకు మూత పెట్టినట్టు వేడిని పట్టి ఉంచుతుంది. నీ మనవలకు మనవలు పుట్టేదాకా అది అక్కడే ఉంటుంది."

పంది మూతి పైకెత్తి గాలి పీల్చింది. "వాసన లేదు, రంగు లేదు. లేనిదాన్ని చూపించి భయపెడతావేం తాతా? వేడి పెరిగితే నీ ముసలి ఎముకలకే మంచిది" అంది.

గట్టు మీద ఉన్నవాళ్లంతా పడీ పడీ నవ్వారు. తాబేలు వాగు వైపు వెళ్లిపోయింది. చెవులపిల్లి మాత్రం తన చేలో చిన్న కాలువ తీసి నీళ్లను బయటికి పంపింది.

పంట చేతికొచ్చింది. పందికెంత పండిందో చెవులపిల్లికీ అంతే పండింది. తెలివైనది బాగుపడింది, గర్వపడ్డది నవ్వులపాలైంది అని చెప్పి ఇక్కడే మిమ్మల్ని ఆడుకోవడానికి పంపాలని నాకూ ఉంది. కాని జరిగింది అది కాదు.

పంది సిగ్గుపడలేదు. బస్తాలు తక్కువయ్యాయేమో అనుకుంది. పోటీ ఏటేటా పెరిగింది. చుట్టుపక్కల అడవులు కూడా ఆ పోటీ నేర్చుకున్నాయి. తాబేలు చెప్పినట్టే ఎండలు ముదిరాయి. చివరికి ఒక ఏడు వానే పడలేదు. వాగు ఇసుక మేట అయింది. నల్లని చేలూ లేతపచ్చని చేనూ ఒకేసారి ఎండిపోయాయి.

చెవులపిల్లి కూనల కోసం ఇసుకలో చెలమ తవ్వింది. ఎంత తవ్వినా తడి తగల్లేదు. ఆ మధ్యాహ్నం అన్నిటికన్నా చిన్న కూన తల్లి పక్కనే కన్నుమూసింది. ఆ కూన ఏ గుళికలూ చల్లలేదు, ఏ పోటీకీ పోలేదు. ఈ మాట మీకు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అయినా దాచిపెట్టి తీపి కబుర్లు చెప్పలేను.

సంగతి తెలిసి పంది వచ్చింది. చెవులపిల్లి ముఖంలోకి చూడలేక తల దించుకుంది.

"చెల్లీ, తప్పు నాదే. తాత చెప్పిన ఆ గాలిని వెనక్కి తెస్తాను. ఎక్కడ తవ్వాలో చెప్పు, ఎంత లోతైనా తవ్వుతాను."

"తవ్వితే దొరికేది కాదన్నా. అది ఇప్పుడు నేలలో లేదు."

పంది వినలేదు. గుళికలు పోసింది నేలలోనే గదా అనుకుని, తన చేనంతా మూతితో తవ్వింది. మూతి చెక్కుకుపోయి నెత్తురు కారుతున్నా ఆపలేదు. ఎండిన వేళ్లు తప్ప దానికేమీ దొరకలేదు.

సాయంత్రం చెవులపిల్లి మిగిలిన కూనలను వెంటబెట్టుకుని బయల్దేరింది. దారిలో తాబేలు ఎదురైంది.

"ఎక్కడికి తల్లీ?"

"కొండ అవతలి అడవికి తాతా. అక్కడైనా నీళ్లుంటాయేమో చూస్తాను."

"అక్కడి ఆకాశమూ ఇదే తల్లీ."

"తెలుసు తాతా. తెలిసినా పిల్లల్ని ఇక్కడ కూర్చోబెట్టుకోలేను గదా" అని చెవులపిల్లి నడక సాగించింది.

నీతి: చేనుకు గట్టు వేసుకోగలం, ఆకాశానికి వేసుకోలేం. మన చేలో అతిగా పోసినదానికి ఏ తప్పూ చేయని వాళ్ల బిడ్డలు బలైపోతారు. ఆ తర్వాత మనమెంత ఏడ్చినా పైకి పోయిన గాలి వెనక్కి రాదు.