అడిగితే ఇచ్చే తుపాకి

ఓబులేసుకు మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. సోమవారం ఏడూళ్ళ సభలో అతను వాదించాలి. వాదించవలసింది కన్నతండ్రి తుపాకి గురించి.

ఆ కొండసీమకు ఒక మూలపత్రం ఉంది. అడవి కొట్టి ఊళ్ళు కట్టుకున్న పెద్దలు రాసుకున్నది. అందులో ఒక మాట ఇది: "అడవి అంచున ఊళ్ళు కాచుకోవలసి ఉన్నది గనుక, ఇంటివారు తుపాకి ఉంచుకునే హక్కుకు ఎవరూ భంగం చేయరాదు."

నూరేళ్ళుగా ఆ మాట జోలికి ఎవరూ పోలేదు. పోయిన వారం తెల్లవారుతుండగా ఓబులేసు వదిన రామక్క నెత్తిన కంబళి కప్పుకొని పశువుల కొట్టంలోకి పోతుంటే, ఆమె మామ, అంటే ఓబులేసు తండ్రి చెంచన్న, ఎలుగుబంటి అనుకొని కాల్చాడు. గుండు తగిలి కుడితి తొట్టి పగిలింది. చెంచన్నకు డెబ్భై ఎనిమిదేళ్ళు. ముందు మనుషుల పేర్లు జారిపోయాయి. ఇప్పుడు మొహాలు కూడా జారిపోతున్నాయి.

ఆ రోజు నుంచి ఏడూళ్ళూ రెండు పక్షాలయ్యాయి. పత్రం ఊరి కాపలా తిరిగేవాళ్ళ కోసమే రాశారు, ముసలాయన కాపలా మాని పదేళ్ళయింది, తుపాకి తీసేసుకోండి అని ఒక పక్షం. కాపలా ఒక కారణం మాత్రమే, హక్కు ప్రతి ఇంటిదీ అని రెండో పక్షం.

కొండ కింద గుడిసెలో ఉండే ఫకీరు దస్తగిరి తాత దగ్గర ఓబులేసు పదకొండేళ్ళుగా శిష్యుడు. సీమలో ఓబులేసు అంత చదివినవాడు లేడని పేరు. ఆ సంగతి అతనికీ తెలుసు.

"దొరికింది తాతా!" అంటూ కాగితాలు పట్టుకొచ్చాడు ఆ మధ్యాహ్నం. "పత్రం రాసిన ఏడాదే, కాపలాకు మగదిక్కు లేని ఒక విధవరాలి ఇంట్లో పెద్దలు తుపాకి ఉంచనిచ్చారు. అంటే రాసినవాళ్ళ మనసులో ఉన్నది ఇంటింటి హక్కే. నాయన తుపాకిని ఎవరూ ముట్టలేరు. గెలుస్తాను."

తాత జొన్నపిండి జల్లిస్తున్నాడు. "మంచిది. మీ నాయనను అడిగినావా?"

"ఏమని?"

తాత జల్లెడ ఆపలేదు.

అప్పుడే రామక్క పాల చెంబుతో వచ్చింది. చివరి మాటలు విన్నట్టుంది. "గెలువు మరిదీ, గెలువు. గెలిచినాక కొట్టంలో పాలు కూడా నువ్వే పిండుదువు గానీ."

"వదినా, అది లాక్కుంటే నాయన మనిషిగా మిగలడు."

"నాకు తెలియదా? ఆయనకు అన్నం కలిపి పెట్టేది నేను. లాక్కోవడానికి నాకూ చేతులు రావు." చెంబు కింద పెట్టింది. "కానీ నా కూతురు కూడా ఆ కంబళే కప్పుకుంటుందయ్యా. దానికేం చెప్తుంది నీ పత్రం?"

ఓబులేసు కాగితాలు తిరగేశాడు. దానికి అందులో ఏమీ లేదు.

తాత చేతులు దులుపుకున్నాడు. "రామక్కా, మీ మామను సాయంత్రం రొట్టెలకు రమ్మన్నానని చెప్పు."

ఆ సీమలో ఒక పద్ధతి ఉంది. ఏ పత్రంలోనూ రాయలేదు. ఒకరి ఇంటికి పోయినవాడు గుండు తీసేసి, తుపాకిని గడప బయటే ఇంటివాళ్ళ చేతికివ్వాలి. పోయేటప్పుడు అడిగి తీసుకోవాలి. అడిగితే ఇవ్వకపోవడం తప్పు. అడగకముందే ఇవ్వడం అంతకన్నా తప్పు, పొమ్మన్నట్టు అవుతుంది.

పొద్దు వాలుతుండగా చెంచన్న వచ్చాడు. వీపు వంగినా, భుజాన తుపాకి మాత్రం నిటారుగా ఉంది. గడప దగ్గర ఆగి, గుండు తీసి జేబులో వేసుకొని, తుపాకి మడమను ముందుకు చాచాడు. అతని చేతులు ఏదీ మరిచిపోలేదు. తాత రెండు చేతులా అందుకున్నాడు.

చెంచన్న వదల్లేదు. కాసేపు ఇద్దరూ చెరో కొస పట్టుకొని నిలబడ్డారు.

"దస్తగిరీ, పోయేటప్పుడు అడుగుతా."

"అడుగు. ఇస్తా."

"అడగడం మరిచిపోతానేమో."

తాత తలెత్తి చూశాడు.

"మరిచిపోతే," చెంచన్న గొంతు తగ్గించాడు, "గుర్తు చెయ్యొద్దు."

జేబులోంచి గుండు తీసి అదీ తాత అరచేతిలో పెట్టాడు. తుపాకి వదిలాడు.

కాళ్ళకు నీళ్ళివ్వడానికి వచ్చిన ఓబులేసు చెంబు పట్టుకొని అక్కడే ఉండిపోయాడు.

చెంచన్న తృప్తిగా తిన్నాడు. ఓబులేసును రెండుసార్లు పెద్దకొడుకు పేరుతో పిలిచాడు. "పత్రం మీద నాలుగో వేలిముద్ర మా తాతది. ఏది మరిచినా అది మరవను" అన్నాడు. కారం ఎక్కువైందని దస్తగిరి తాతను కోప్పడి, ఇంకో రొట్టె అడిగాడు.

లేచి గడప దాటాక ఆగాడు. భుజం తడుముకున్నాడు. వెనక్కి తిరిగి ఖాళీ అరచెయ్యి చాపి, దానికేసే చూస్తూ నిలబడ్డాడు.

"ఏదో ఉండాలే ఇక్కడ."

తాత ఓబులేసు మణికట్టు పట్టి ముందుకు తెచ్చి, ఆ చేతిని చెంచన్న అరచేతిలో పెట్టాడు.

చెంచన్న వేళ్ళు మూసుకున్నాయి. బరువు చూసుకున్నట్టు ఒకసారి ఎత్తి దించి, "ఆ" అన్నాడు.

కాగితాలు అరుగు మీదే ఉండిపోయాయి. తండ్రీ కొడుకులు చేతులు పట్టుకొని వాలు దిగారు.

సగం దారిలో చెంచన్న అడిగాడు: "సోమవారం ఏదో సభంట గదరా. దేని గురించి?"

"ఏమీ లేదు నాయనా. చూసి నడువు, రాళ్ళున్నాయి."