ముళ్లపాదాల తల్లి

పూర్వం, పెన్నకు దక్షిణాన గుట్టల నడుమ ఓబుళక్క అనే కురుబ ఇల్లాలికి ఆవులు, బర్రెలు, గొర్రెలు, మేకలు, కోళ్లు కలగలిసిన నిండు దొడ్డి ఉండేది. ఒక వానకాలంలో గిట్టలు పుండ్లుపడే గాలికుంటు రోగం సోకి ఆ దొడ్డి సగానికి పైగా ఖాళీ కాగా, ఆ దిగులుతోనే ఆమె భర్త యర్రప్ప కాలం చేశాడు. మిగిలిన జీవాలే ఇక ఆమెకు కూడూ, దిక్కూ. అప్పుడామె గుట్టమీద నిలుచున్న శిలామూర్తికి సాగిలబడి, "తల్లీ, ఏడాది పొడుగునా నా మందను కాచితివంటే నీకు గుడి కట్టిస్తా" అని మొక్కుకుంది.

మొక్కితే మొక్కింది గానీ, భారం దేవతమీద వేసి నిమ్మళంగా ఉండే స్వభావం కాదు ఓబుళక్కది. వేసవిలో తుమ్మచెట్ల బీడుకు మేకలను తోలి, సాయంకాలానికి కోతలైన చేలల్లో గొర్రెలమంద కట్టేది. వానలు పడగానే పల్లేరు అల్లుకున్న గట్టు వెంట, పొరుగు మందల గాలి సోకనంత దూరాన ఆవులను మేపి, ఇంటికి రాగానే ఒక్కొక్క గిట్టా తడిమి చూసేది. చలికాలంలో ఈనిన గొర్రెలను రేగుపొదల వాగుకు పట్టుకుపోయేది. బర్రె పాలు పితుకుతూ కోళ్ల అలికిడికి లేచేది, కోళ్లను గంప కింద మూస్తూ దూడ అరుపుకు పరుగెత్తేది. అలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే ఆడబిడ్డ నాగక్క చూడలేకపోయింది.

"ఒక్క గడియ కూచోరాదా వదినా! ఆ తల్లి చూసుకుంటాదిలే."

"నేను కూచుంటే దొడ్డి పడుకుంటాది" అని కసిరింది ఓబుళక్క.

ఏడాది తిరిగింది. ఒక్క జీవమూ పోలేదు సరికదా, దొడ్డి పట్టనన్ని పిల్లలు పుట్టాయి. అయినా ఆమె మనసు కుదుటపడలేదు. గుడి మాట తలపుకు రాగానే చాకిరీ తనదీ, కీర్తి దేవతదీనా అని రోషం ముంచుకొచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేయడం మానవులకు కొత్తేమీ కాదు. విసవిసా గుట్టెక్కి, "తిరిగింది నేను, కాచింది నేను. కదలకుండా నిలబడినదానివి, నువ్వేం చేస్తివని నీకు గుడి కట్టల్ల?" అని నిలదీసింది.

అలా అడిగి ఓబుళక్క చూపు దించింది. ఆ శిలాపాదాలు నెత్తురోడుతున్నాయి. వంగి చూస్తే మడమలో వేసవి బీడులోని తుమ్మముల్లు, వేళ్ల సందుల్లో వానకాలపు గట్టుమీది పల్లేరుగాయలు, పాదం అంచున వాగులోని రేగుముల్లు. ఏ ముల్లు ఏ కాలానిదో, ఏ మేతబీడుదో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. తాను నడిచిన ప్రతి తావులోనూ తన వెనకే ఆ తల్లి ఉత్తకాళ్లతో నడిచింది.

"అయ్యో నాయమ్మా, ఒక్క మాటైనా చెప్పకపోతివే!" అని గొల్లున ఏడ్చి, ఆ పాదాల ముందు చతికిలబడి, కొంగుతో నెత్తురు తుడుస్తూ ముళ్లన్నీ తీసింది. ఆ ఏడాదిలో ఆమె కుదురుగా కూర్చోవడం అదే మొదలు. కింద మంద దానిపాటికది మేస్తూనే ఉంది.

తరువాత ఆమె కట్టించిన గుడికి నేటికీ తలుపు లేదు. మందల వెంట పోయే తల్లికి అడ్డమెందుకని. ఆ పాదాలమీద ముళ్లు దిగిన గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఏటా ఉగాది వెళ్లిన తొలి ఆదివారం, జీవాలున్న ఇళ్ల ఆడవాళ్లందరూ వచ్చి ఆ గుంటల్లో వెన్న పూసి, పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంటారు. గుట్ట కింద దూడలు అరుస్తాయి, వీళ్ల కాళ్లు నిలవవు; అయినా ఎవరూ లేవరు.