కండువాకు నమస్కారం

ఇందులో వీసమెత్తు అబద్ధం ఉన్నా, నా నోట్లో మిగిలిన ఈ ఒక్క పన్నూ ఊడి నా కాఫీలో పడిపోవాలి. ఆ రోజు ఆ బస్సులో నేనూ ఉన్నాను.

మా ఊళ్ళో దాలయ్య గురువుగారని ఉండేవారు. అలాంటి గురువు హిమాలయాల్లో కూడా లేడు. ఉంటే మూటాముల్లె సర్దుకుని మా ఊరొచ్చి ఈయన దగ్గరే చేరి ఉండేవాడు. ఆయన శిష్యుడు పైడినాయుడు. చదువుకున్నవాడు, గొంతున్నవాడు. వాడు నోరు తెరిస్తే పక్క ఊరి గేదెలు నెమరు వెయ్యడం ఆపి వినేవి.

ఆ సాయంత్రం సాలూరులో సభ. నాయుణ్ణి మొదటిసారి మాట్లాడమన్నారు. అక్కడ మెప్పిస్తే ఇకమీదట చుట్టుపక్కల ఊళ్ళకి తనే వెళ్ళి బోధ చెప్పవచ్చు. మనుషుల్లో మర్యాద పోయిందని మాట్లాడదామని వాడు నెల్లాళ్ళుగా గోడలకి వినిపిస్తున్నాడు.

బస్సు కోసం నిలబడి ఉండగా గురువుగారిని అడిగాడు.

"పూర్వం ముక్కూమొహం తెలియని మనిషినైనా అయ్యా, అమ్మా అనేవారట. ఇప్పుడు ఒకరినొకరు తోసుకోవడమే. ఎందుకిలా అయిపోయాం గురువుగారూ?"

"బస్సెక్కి మాట్లాడుకుందాం" అన్నారాయన.

బస్సొచ్చింది. జనం చూస్తే జిల్లా మొత్తానికీ అదొక్కటే బస్సేమో అన్నట్టున్నారు.

నాయుడు మన వైపు అందరూ చేసే పనే చేశాడు. గురువుగారి భుజం మీది కండువా లాగి, కిటికీలోంచి ఖాళీ సీటు మీదికి విసిరాడు. గుడ్డ పడ్డాక సీటు మనదే కదా. అందులోనూ గురువుగారి కోసమాయె. మోచేతులతో జనాన్ని చీల్చుకుంటూ ఎక్కాడు.

ఎక్కేసరికి చంటిపిల్లాడితో ఒకామె ఆ సీట్లో కూర్చుని ఉంది. కండువాని నలగకుండా మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"లే. అది ఎవరి కండువా అనుకున్నావ్? పెద్దలంటే మర్యాద లేదా?"

"గుడ్డే కద బాబూ. సీట్లో మనిషెవరూ నేరని కూకున్నాను..."

"లెమ్మన్నానా?"

ఆమె లేచింది. కండువా కూర్చుంది.

కింద గురువుగారేమో వెనక మెట్టు దగ్గర నిలబడి బుట్టలవాళ్ళకి బుట్టలందిస్తూ, ముసలివాళ్ళకి చెయ్యిస్తూ, "ముందు మీరు, ముందు మీరు" అంటున్నారు. అప్పట్లో నేను గున్న ఏనుగంత ఉండేదాన్ని. ఆయన చెయ్యందిస్తే మల్లెపువ్వులా పైకి తేలిపోయాను.

కండక్టరు రైట్ అన్నాడు. బస్సు కదిలింది. గురువుగారు కిందే ఉండిపోయారు.

"ఆపండి, మా గురువుగారు కిందున్నారు" అని నాయుడు గొంతు చించుకున్నాడు. గేదెల్ని ఆపిన ఆ గొంతు బస్సుని ఆపలేకపోయింది. విన్నవాళ్ళు కూడా మొహం తిప్పుకున్నారు. వాళ్ళ డొక్కల్లో వాడి మోచేతులు ఇంకా మండుతున్నాయి మరి.

అప్పుడు ఆ పిల్లాడి తల్లి బస్సు రేకు మీద దబదబా బాదింది.

"డ్రైవరు బాబూ, ఆపండి. బుట్టలందించిన పెద్దాయన కిందుండిపోనాడు."

ఆ మాట వినగానే బస్సు బస్సంతా బాదింది. ఆ మోతకి ఇంజను జడుసుకుని ఆగిపోయింది.

గురువుగారు ఎక్కారు. కాలు పెట్టే చోటు లేని ఆ బస్సులో రథం వెళ్ళేంత దారి తెరుచుకుంది. జరగమని ఎవరూ అనలేదు.

"కూర్చోండి గురువుగారూ" అన్నాడు నాయుడు.

ఆయన సీటు వంక చూశారు. పక్కన నిలబడ్డ తల్లి వంక చూశారు. కండువా ముందు వంగి, చేతులు జోడించారు.

"అయ్యా, తమరెవరో నాకు తెలీదు. చంటిపిల్లాడి తల్లి నిలబడి ఉంది. కాస్త చోటిస్తారా?"

కండువా పలకలేదు.

ఆయన చేతులు దించలేదు. బస్సు గతుకుల్లో తాటిచెట్టంత ఎత్తు ఎగురుతోంది, ఆయన అలాగే ఉన్నారు. నవ్వబోయినవాళ్ళు నవ్వు మింగేశారు.

నాయుడి చెవులు ఎర్రబడ్డాయి. వంగి కండువా తీశాడు.

"కూర్చో అమ్మా" అన్నాడు. కాసేపాగి, "కూర్చోండి" అన్నాడు.

సాలూరు చేరేసరికే సభ సగమైంది. బస్టాండు పక్కనే పందిరి. "పైడినాయుడు గారు ఎక్కడున్నా వేదిక మీదికి రావాలి" అని మైకు మొత్తుకుంటోంది. గురువుగారు దిగి ఒక పక్కన నిలబడ్డారు. నాయుడు వెనక మెట్టు దగ్గర నిలబడి బుట్టలు దింపుతున్నాడు. ఒక్కో బుట్టా, ఒక్కో ముసలమ్మా. "ముందు మీరు" అంటూ. నన్ను దింపేటప్పుడు వాడి నడుము కలుక్కుమన్న చప్పుడు ఒడిశా దాకా వినపడి ఉంటుంది. అయినా నవ్వు మొహంతోనే దింపాడు.

ఆఖరున వాడు దిగేసరికి మైకులో మంగళహారతి మొదలైంది.

"ఆలస్యం చేశాను గురువుగారూ" అన్నాడు తలొంచుకుని. "సభ అయిపోయింది."

"అయింది నాయనా" అన్నారు గురువుగారు. "బాగా మాట్లాడావు."

మా ఊరి గురువు, మా ఊరి శిష్యుడు అనుకుంటూ నడిచాను. నా పెళ్ళినాడు పల్లకీలో కూడా నేనంత తలెత్తుకుని కూర్చోలేదు.

సరేగానీ లే అమ్మాయ్, కొట్టుకెళ్ళి నాకు తమలపాకులు పట్టుకురా. అక్కడ నలుగురు నిలబడి ఉంటారు. వాళ్ళయ్యాకే అడుగు. నువ్వొచ్చేదాకా నేను చావనులే.