గవరమ్మ కూతురి కాలు, శాస్త్రిగారి నోరు

వెలిచర్ల రాజు జగ్గభూపతికి ఏదైనా తోచిందంటే ఆ పూటే జరిగిపోవాలి. ఆ ఏడు చుట్టుపక్కల సీమల్లో మశూచి ప్రబలింది. రాజు ముందు తన కొడుక్కి టీకా వేయించి, ఆ తర్వాత ఊళ్ళో పిల్లలకి వీధి వీధికీ వేయించడం మొదలుపెట్టాడు. మశూచి పొలిమేర దాకా వచ్చి, ఏం చేయాలో తోచక తిరిగిపోయింది.

"టీకా తర్వాత ఏ బిడ్డకి తేడా చేసినా బాగోగులు దివాణమే చూస్తుంది" అని చాటింపు కూడా వేయించాడు.

చాటింపు దాకా అంతా బాగానే ఉంది. చిక్కల్లా గవరమ్మతో వచ్చింది.

గవరమ్మ సాలెవీధి మనిషి. నాలుగేళ్ళ కూతురు సీతాలుని చంకనేసుకుని సభకొచ్చింది. టీకా వేసిన కొన్నాళ్ళకే పిల్లకి కుడికాలు చచ్చుబడింది. మర్దనాకి తైలం కావాలి, పాలు కావాలి. పిల్లని వదిలి మగ్గం దగ్గర కూర్చోలేదు, కూర్చోకపోతే పొయ్యి వెలగదు.

ఆస్థాన వైద్యుడు మృత్యుంజయశాస్త్రి లేచాడు. ఆయన లేస్తే ముందు శాలువా సర్దుకుంటాడు, తర్వాత గొంతు సర్దుకుంటాడు, ఆ తర్వాతే మాట.

"టీకా వల్లే వచ్చిందని రుజువేమిటమ్మా?"

"ముందు లేడిపిల్లలా గెంతేది బాబయ్యా. వేశాకే ఇలా అయింది."

"ముందూ వెనకా అంటే రుజువైపోదు. ఆ పొద్దున ఏం పెట్టావు? మీ వంశంలో ఎవరికైనా కాలీడ్చే జబ్బుందా? వానలో గానీ తడిసిందా? ఇవన్నీ తేలాలి. తేలాక చూద్దాం."

"ఎప్పటికి తేలుతుంది బాబయ్యా?"

"తేలినప్పుడు."

రాజు గడ్డం గోక్కున్నాడు. మాటిచ్చింది తనే. శాస్త్రి మాటా కొట్టేసేలా లేదు.

"తాంబూలం వేళకల్లా దీన్ని తేల్చినవాడికి కోరింది ఇస్తాను. తేలకపోతే పిల్లని తీసుకుని ఇంటికి పోవాల్సిందే" అన్నాడు.

వెలిచర్లలో అదొక పద్ధతి. తాంబూలాలు పంచి అందరూ నమిలారంటే సభ ముగిసినట్టే. ఆ తాంబూలాలు చుట్టేది అడపకాడు చిట్టెన్న. ఆకు ఈనె తీయడం, సున్నం రాయడం, చిలకలు చుట్టి పళ్ళెంలో పేర్చడం, ఇదే అతని పని.

చిట్టెన్న చేతులు ఆకుల మీదున్నాయి గానీ కళ్ళు పిల్ల కాలి మీదే ఉన్నాయి. అతని పెద్దపిల్లలిద్దరూ టీకా వేయించుకుని బండరాళ్ళలా ఉన్నారు. రేపు చిన్నదాని వంతు. పెళ్ళాం మాత్రం పొద్దున్నే తెగేసి చెప్పింది: "గవరమ్మ పిల్ల సంగతి తేలేదాకా నా బిడ్డని గడప దాటనివ్వను." వీధిలో ఆడవాళ్ళందరిదీ అదే మాట.

చిట్టెన్న సున్నపుకాయ మూత తీశాడు. శాస్త్రిగారి చిలకకి కాస్త ధారాళంగానే రాశాడు.

వేళయింది. పళ్ళెం రాజు దగ్గర్నించి శాస్త్రి దగ్గరికి వెళ్ళింది. శాస్త్రి చిలక బుగ్గన పెట్టుకుని నమిలాడు. నమలడం మానేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరిదో ఉత్తరీయం లాక్కుని అందులో ఉమ్మేశాడు.

"ప్రభూ, వీడి చిలక నా నోరు కాల్చేసింది."

చిట్టెన్న చేతులు కట్టుకున్నాడు. "చిలక వల్లే అని రుజువేమిటండీ శాస్త్రులుగారూ?"

"ముందు బాగానే ఉందిరా వెధవా. వేసుకున్నాకే కాలింది."

"ముందూ వెనకా అంటే రుజువైపోదు కదండీ. పొద్దున ఆవకాయ తిన్నారా? తమరి వంశంలో ఎవరికైనా నోటిపూత ఉందా? ఎండలో గానీ తిరిగారా?"

"నాలుక మండి చస్తుంటే వంశం గొడవేమిట్రా. ముందు వెన్న తెప్పించు. విచారణ తర్వాత చేసుకో!"

చిట్టెన్న రాజువైపు తిరిగి వంగి దణ్ణం పెట్టాడు.

"తేలిపోయింది ప్రభూ. ముందు వెన్న, తర్వాత విచారణ. వైద్యులవారే సెలవిచ్చారు."

రాజు పెదవులు బిగబట్టి చూశాడు. ఆగలేదు. పగలబడి నవ్వాడు.

"టీకా వల్ల కావచ్చు, కాకపోవచ్చు. పిల్లకి తైలం, పాలు, గవరమ్మకి మగ్గం కూలి ఈ పూట నుంచే దివాణం ఇస్తుంది. విచారణ శాస్త్రులుగారు నిదానంగా చేసుకుంటారు. కాదని తేలినా ఇచ్చింది వెనక్కి అడగం. చిట్టెన్నా, నీకేం కావాలిరా?"

"వెండి సున్నపుకాయ ఇప్పించండి ప్రభూ. కాస్త పెద్దది. దీంట్లో ఉన్నదంతా శాస్త్రులుగారికే సరిపోయింది."

సభంతా ఘొల్లుమంది. చంకలో సీతాలు కూడా నవ్వింది. శాస్త్రి ఒక్కడే నవ్వలేదు. నోటినిండా వెన్న ఉంది.