ఒడిస్సియస్ గారి తేనె కుండ

ఓడలు ఆగే ఒక రేవుపట్నంలో కుమ్మరి గురివి యవన నావికుల సరుకు కుండల మీద వాళ్ల పేర్లు రాసి పొట్టపోసుకునేది. హెరాక్లీస్, అకిల్లీస్ అంటూ వాళ్లకన్నీ తమ పురాణ వీరుల పేర్లే. గురివి ఆ పేరంతా రాసి చివర 'ది' తగిలించేది.

ఆస్థానంలో యవన భాషా పండితుడు రుద్రసోముడు. ఒడిస్సియస్ అని బిరుదు కూడా పెట్టుకున్నాడు. అయినా ఒక్క యవనుడూ ఆయన గడప తొక్కలేదు. గురివి ముందు బారులు తీరిన వాళ్లని చూస్తే ఆయనకి కడుపు రగిలిపోయేది.

"ప్రభూ, చివరి 'స్' తీసేశాకే 'ది' చేర్చాలి. ఈ పిల్ల రాత చూస్తే ఏ కుండ ఎవరిదో బ్రహ్మక్కూడా తెలీదు. మాన్పించండి," అన్నాడు రాజుతో.

"రేపొకసారి రేవుకొచ్చి చూసి మాన్పించండి దొరా," అంది రాజు పిలిపిస్తే వచ్చిన గురివి.

మర్నాడు రాజు వెంట కుండల వరస చూస్తూ పండితుడు ఠక్కున ఆగాడు. ఒక తేనె కుండ మీద 'ఒడిస్సియస్‌ది' అని ఉంది. ఇన్నాళ్లకి యవనులు తనకీ కానుక పంపారన్నమాట. గబుక్కున చంకనెత్తుకున్నాడు.

"ఇది నాది ప్రభూ."

"ఆ తేనె నేను పోసిందే అయ్యవారూ. తప్పు రాత కదా, మీదని ఎలా తెలిసింది?" అంది గురివి.

పండితుడు కుండ మాత్రం దించలేదు.

"తేనె మీరు తీసుకెళ్లండి," అన్నాడు రాజు. "రాత ఆమెకి వదిలేయండి."